వర్ధమాన కళాకారిణి అంటే ఎవరు?

(మదనపల్లెలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కళాకారులకు చేయూతనిచ్చే ధర్మసంస్థల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట చెబితే ఒక మిత్రురాలు, "వరకట్న హత్యలూ, అత్యాచారాలూ ఉండగా హార్మోనియం పెట్టెల గురించి మాట్లాడతారా?" అని అడిగింది. నేను సోషియాలజీ చదివినదాన్ని, సంగీత విమర్శకురాలిని కాను. నాకు తెలిసిన పద్ధతిలోనే జవాబు చెప్పాను. కథ చెప్పడం, పాట పాడడం, మద్దెల వాయించడం, వేషం కట్టడం పనులు. పనికి కూలి ఉండాలి. పని నేర్చుకునే అవకాశం ఉండాలి. పనిచోట భద్రత ఉండాలి. నాట్లేసే స్త్రీ విషయంలో వీటిని హక్కులంటాం. హరికథ చెప్పే స్త్రీ దగ్గరికి వచ్చేసరికి వీటినే "ప్రోత్సాహం", "ఆదరణ", "దాతృత్వం" అంటాం. మాట మారడంతో బాధ్యత కూడా మారిపోతుంది. హక్కయితే ఇవ్వనివాడు జవాబు చెప్పాలి. దానమయితే పుచ్చుకునే మనిషే వంగి దండం పెట్టాలి.

"వర్ధమాన కళాకారులకు సాయం" అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. వర్ధమాన అంటే ఎదుగుతున్న అని అర్థం. ఎవరు ఎదుగుతున్నారో ఎవరు తేలుస్తారు? సాయం ఇచ్చే సంస్థ అచ్చు వేయించిన దరఖాస్తు ఫారం తేలుస్తుంది. ఆ ఫారంలో ఉండే షరతుల గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

మన ఊళ్ళలోని పాత పద్ధతి

కళను పోషించే సంస్థలు ఎక్కడో పట్నాల్లోనే పుట్టాయనుకోనక్కర్లేదు. పాత చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళలో ఏటా మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. మనం మామూలుగా "భారతం" అంటాం. సాధారణంగా పద్దెనిమిది రోజులు. పగటిపూట హరికథ, రాత్రిపూట తెల్లవారేదాకా వీధినాటకం. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో కుటుంబమో, కులమో, వీధో భరిస్తుంది. వాళ్ళను ఉభయదారులంటాం. పూజ, అలంకారం, అన్నదానం, కళాకారుల సంభావన అన్నీ ఈ ఉభయాల్లోంచే రావాలి. రిజిస్టరు కాని ట్రస్టు అంటే ఇదే.

ఈ ఉత్సవంలో స్త్రీలు ఎక్కడున్నారో చూడండి. అర్జున తపస్సు నాడు పిల్లలు కావాలని తడిబట్టలతో తపసుమాను కింద సాష్టాంగపడేది స్త్రీలు. వంటశాలలో ఉండేది స్త్రీలు. రాత్రంతా ముసుగు కప్పుకుని నాటకం చూసేది స్త్రీలు. కాని ఆ నాటకంలో నిండు సభలో అవమానం పొంది ప్రశ్నలు వేసే ద్రౌపది వేషం తరతరాలుగా కట్టింది మగవాడు. రాత్రి రంగస్థలం మీదికి స్త్రీకి దారి లేదు. పగటి హరికథలో మాత్రం దారి దొరికింది. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, మెడలో పూలమాలతో మన భాగవతారిణులు ఒక్కరే నిలబడి భీముడూ అవుతారు, ద్రౌపదీ అవుతారు.

పుంగనూరులో ఒక భాగవతారిణి నాతో ఇలా అన్నారు: "కత బాగుంటే అమ్మా తల్లీ అంటారు. లెక్క కాడికొస్తే మాత్రం, నీకేమమ్మా, సగం పుణ్యానికి చెప్పినట్టు కదా అంటారు. మృదంగమాయనకూ వయొలినాయనకూ పుణ్యం చాలదు, డబ్బులే ఇయ్యల్ల." చేతికొచ్చిన సంభావనలో పక్కవాద్యాలకూ, బండికీ పోగా ఆమెకు మిగిలేది చివరి వాటా. బృందానికి పెద్ద ఆమే. నష్టం భరించేదీ ఆమే. ఉభయం నడిపే కమిటీలో మాత్రం ఆమె వంటి స్త్రీకి కుర్చీ ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర ఎంత వైభవంగా జరుగుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. జాతర అంటే డప్పు, ఆట, పాట. అయితే జిల్లా తూర్పు మండలాల్లో దళిత బాలికలను మాతమ్మకు వదిలే ఆచారం ఉంది. అలా వదిలిన పిల్లలు జాతరల్లో ఆడారు. ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ ఆచారం గురించి రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు ఇవ్వవలసివచ్చింది. ఆ ఆచారం పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. నా ప్రశ్న వేరు. ఆ స్త్రీలకు తెలిసిన ఆటనూ, పాటనూ, తాళజ్ఞానాన్నీ ఏ సంస్థయినా విద్యగా లెక్కవేసిందా? డబ్బు పెట్టి నేర్చుకుంటే ఆటకు నృత్యమని పేరు, సాయం కోసం అర్హత. కులం నెత్తిన రుద్దితే అదే ఆట దురాచారం తప్ప మరేమీ కాదు. ఆచారం నుంచి బయటపడిన స్త్రీకి కుట్టుమిషను ఇస్తాం. ఆమెను వర్ధమాన కళాకారిణి అని పిలవాలని మాత్రం ఎవరికీ తోచదు.

మదనపల్లెలో రాసుకున్న స్వరం

మనం కూచున్న ఈ ఊరికి కళాచరిత్రలో ఒక స్థానం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కళాశాలలో కొన్నిరోజులున్నారు. జనగణమన పాడారు, దాన్ని ఇక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాటకు స్వరం రాసుకున్నది ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్. ఆమెను "ప్రిన్సిపాల్ గారి భార్య" అని పరిచయం చేసి ఊరుకోవడం మనకు అలవాటు. ఆమె ఐర్లండులో సంగీతంలో డిగ్రీ తీసుకున్న మనిషి. అక్కడ స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి జైలుకు వెళ్ళిన మనిషి. 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించినవాళ్ళలో ఒకరు. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడడానికి ముఖ్య కారకురాలు. పాటకు స్వరం రాయడం, స్త్రీకి ఓటు అడగడం ఆమెకు వేరువేరు పనులు కావు.

ఆమెకు చదువుంది, ఒక సంస్థ అండ ఉంది. సంస్థ అండ లేని స్త్రీల సంగతేమిటి? థియొసాఫికల్ సమాజం వాతావరణంలోనే 1936లో అడయారులో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్రం మొదలుపెట్టారు. అంతవరకు నాట్యం దగ్గరికి రానివ్వని కుటుంబాల ఆడపిల్లలకు ఆ సంస్థ తలుపు తెరిచింది. అది చిన్న విషయం కాదు. అదే కాలంలో నాట్యాన్ని తరాలుగా కాపాడిన దేవదాసీ కుటుంబాల స్త్రీలు ఆ విద్యనుంచి దూరమవుతూ వచ్చారు. 1947 మద్రాసు చట్టం దేవదాసీ అంకితంతో పాటు ఆ స్త్రీలు గుళ్ళలో, ఊరేగింపుల్లో ఆడడాన్నీ నేరం చేసింది. అప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. దోపిడీని ఆపడం అవసరమే. కాని చట్టం చేసినవాళ్ళు వాళ్ళకు బతుకుదెరువు చూపలేదు. కళను పైకెత్తిన సంస్థలు తమ దగ్గర వాళ్ళకు గురువుల స్థానం ఇవ్వడానికి తొందరపడలేదు. కళ నిలిచింది, దాన్ని నిలిపిన స్త్రీలు తెరమరుగయ్యారు.

షరతు రాసిన స్త్రీ

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ చెబుతాను. 1878లో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ దేవదాసీ కుటుంబంలోని స్త్రీ, గొప్ప గాయని. ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనము"ను 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయించి, నిషేధాన్ని ఎదుర్కొన్నది ఈమే. 1920లలో తిరువైయారులో త్యాగరాజు సమాధి దగ్గర తన సంపాదనతో గుడి కట్టించింది. కాని అక్కడ జరిగే ఆరాధనలో స్త్రీలు పాడడానికి నిర్వాహకులు ఒప్పుకోలేదు. గుడికి డబ్బు పెట్టింది స్త్రీ, అక్కడ పాడే హక్కు మగవాళ్ళది! ఆమె బతిమాలుతూ కూచోలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి గుడి వెనుక వేరే ఆరాధన మొదలుపెట్టింది. చివరికి 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటయ్యాక స్త్రీలూ అక్కడ పాడగలిగారు. ఆమె అక్కడితో ఆగలేదు. 1949లో వీలునామా రాసి తన ఆస్తిని ఆ సమాధికి ఇస్తూ, దేవదాసీలతో సహా స్త్రీలకు అక్కడ సేవ చేసే, పాడే హక్కు ఉండాలని షరతు పెట్టింది.

మనం పట్టుకోవలసింది ఈ షరతును. డబ్బు పెట్టడంతో ఆమెకు గుడి మాత్రమే వచ్చింది. హక్కు నిలిచేలా చూసుకున్నది కాగితం మీద రాసిన షరతుతో. దాత మంచివాడా చెడ్డవాడా అనేది మనకు రెండో ప్రశ్న. దస్తావేజులో ఏం రాశారు, ధర్మకర్తలుగా ఎవరిని పెట్టారు అనేది మొదటి ప్రశ్న.

గోదావరి ఒడ్డున ఒక బడి

కపిలేశ్వరపురంలో 1973లో జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు గారు శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను ప్రారంభించారు. ఒక ధర్మసంస్థ నడిపే బడి అది. పిల్లలు అక్కడే ఉండి ఉచితంగా నేర్చుకుంటారు. అక్కడినుంచి ఎందరో స్త్రీలు భాగవతారిణులై వచ్చారు. 2024లో పద్మశ్రీ అందుకున్న డి. ఉమామహేశ్వరి గారు కూడా హరికథ నేర్చుకున్నది అక్కడే. ఆమె సంస్కృతంలో కూడా హరికథలు చెబుతారు.

ఆ బడిలో పనిచేసిన సూత్రం చాలా మామూలుది. తిండి, పడక, చదువు ఒకేచోట ఇచ్చారు. నేర్చుకున్నాక బతుకుదెరువయ్యే విద్యను ఇచ్చారు. పేదింటి ఆడపిల్లకు ఈ రెండూ లేకపోతే ఎంత పెద్ద బహుమతి ఇచ్చినా అది గోడమీద ఫొటో అవుతుంది. ఇలాంటి బడిని జమీందారీ దయ మీదే వదిలేయాలా అని మీరు అడగవచ్చు. వదిలేయకూడదు. దాత ఉన్నంతకాలం నడిచేది దయ. దాత ఉన్నా లేకపోయినా నడవవలసింది హక్కు. మన దగ్గర తిరుపతిలో దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల 1959 నుంచీ ఉంది. కుప్పంలో 1997 నుంచీ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. పుంగనూరు అమ్మాయి పదో తరగతి అయ్యాక హాస్టల్లో ఉండి హరికథో, నాదస్వరమో నేర్చుకోవాలంటే ఈ సంస్థలు ఎంత దగ్గరగా ఉన్నాయో, ఎంత దూరంగా ఉన్నాయో మనం లెక్క అడగాలి.

దరఖాస్తు ఫారం చదువుదాం

ఇప్పుడు డబ్బు లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచీ ఇది అమలులో ఉంది. ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి. ఈ డబ్బులో చాలా భాగం ఫౌండేషన్ల ద్వారా నడుస్తుంది. కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో అగస్త్య ఫౌండేషన్ వారు పల్లె పిల్లలకు చేతులతో చేసి నేర్చుకునే సైన్సు ప్రాంగణం కట్టారు. పల్లె పిల్ల ప్రయోగం చేయడానికి డబ్బు రాగలిగినప్పుడు, పల్లె పిల్ల పాడడానికి ఎందుకు రాకూడదు?

వచ్చే చోట్ల ఏ షరతులున్నాయో చూద్దాం. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే ఉపకార వేతనం నెలకు 5,000 రూపాయలు, రెండేళ్ళు. వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి. గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్ళు నేర్చుకుని ఉండాలి. సంగీత నాటక అకాడెమీ 2006లో నెలకొల్పిన ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ యువ పురస్కారానికి 40 ఏళ్ళు పరిమితి. మగపిల్లవాడికి ఇవి సహజంగా కనిపిస్తాయి. మన ఆడపిల్ల బతుకును ఈ ఫారం పక్కన పెట్టి చదవండి. 18 నుంచి 25 అంటే పెళ్ళి, కాన్పు, రెండో కాన్పు. పాట ఆపేసే వయసు అది. ముప్పై ఐదో ఏట పిల్లలు బడికి పోయాక ఆమె మళ్ళీ చిడతలు పడుతుంది. అప్పుడు ఆమె నిజంగా ఎదుగుతున్న కళాకారిణి. కాని ఫారం ప్రకారం ఆమె వయసు మించిన మనిషి! 75 ఏళ్ళు దాటినా ఏ జాతీయ గుర్తింపూ దక్కని కళాకారుల కోసం 2022 సంవత్సరానికి అకాడెమీ "అమృత్" పేరుతో ప్రత్యేకంగా పురస్కారాలు ప్రకటించవలసివచ్చింది. మన లెక్కల్లో ఎంతమంది జారిపోతున్నారో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం వద్దు.

కుప్పం దగ్గర ఒక అమ్మాయి తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి పాడుతుంది. మూడు రాష్ట్రాల సరిహద్దు కదా, అది ఆమె ఇంటి భాష. "నేను సెల్లులో ఇని నేర్చుకునిండా. గురువు పేరు అనే కాడ సెల్లు పేరు రాయల్నా మేడం?" అని నన్ను అడిగింది. నవ్వొచ్చే మాటే. నవ్వాక ఆలోచించవలసిన మాట కూడా. ఇంటి దగ్గర పది మైళ్ళలో ఆడపిల్లకు చెప్పే గురువు లేకపోవడం ఆమె అనర్హత ఎలా అవుతుంది?

భాష ఇంకో అడ్డు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు తన గురించి రాసుకోగలిగినవాళ్ళే కళాకారులనుకునే సంస్థలున్నాయి. అలా ఉండనక్కర్లేదని చూపినవాళ్ళూ ఉన్నారు. బెంగుళూరులో 1993లో ఏర్పడి 1995 నుంచీ కళలకు గ్రాంట్లు ఇస్తున్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ద ఆర్ట్స్ భారతీయ భాషల్లో రాసిన దరఖాస్తులను తీసుకుంటుంది. కుప్పానికి బెంగుళూరు వంద కిలోమీటర్ల దూరం. మన అమ్మాయిలకు ఆ సంగతి చెప్పేవాళ్ళే కరువు.

గురువు సంతకం

గురువు సర్టిఫికెట్ అనే షరతులో మరో ప్రమాదం ఉంది. ఇంట్లో నేర్చుకున్న విద్యకు విలువ ఉండదు. తెలుగు ముస్లిం నాదస్వర కుటుంబంలో పుట్టిన కాలీషాబీ గారికి భర్త మహబూబ్ సుభానీతో కలిపి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆమెలా తండ్రి ఒడిలో ఊపిరి పట్టడం నేర్చుకున్న ఆడపిల్లలు ఏ కాగితం చూపిస్తారు?

ఇంకా పెద్ద విషయం భయం. ఒక మనిషి సంతకం మీద ఆడపిల్ల భవిష్యత్తంతా ఆధారపడితే, ఆ మనిషి ఏం చేసినా ఆమె నోరెత్తలేదు. 2023లో కళాక్షేత్ర విద్యార్థినులు లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా బహిరంగంగా ఆందోళన చేశారు. ఒక అధ్యాపకుడిని పోలీసులు అరెస్టు చేశారు. విచారణకు రిటైర్డ్ న్యాయమూర్తి నాయకత్వంలో కమిటీ వేశారు. దేశంలో అంత పేరున్న సంస్థలో, పార్లమెంటు చట్టం కింద నడుస్తున్న సంస్థలో పిల్లలు రోడ్డెక్కితే తప్ప వినలేదంటే, ఒక ఇంట్లో ఒకే గురువు దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి మాట ఎవరు వింటారు? పని స్థలంలో లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం ఉంది. పదిమంది కన్న తక్కువ ఉద్యోగులున్న చోట్లకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని ఆ చట్టమే చెబుతుంది. సాయం ఇచ్చే ఏ సంస్థ అయినా ఆ కమిటీ వివరాలు ఫారం మీదే అచ్చువేయాలని మనం అడగాలి.

మనం అడగవలసినవి

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే ప్రయోజనం లేదు. ఈ కింది మాటలు చర్చకు పెడుతున్నాను.

1. "వర్ధమాన" అనేదాన్ని వయసుతో కొలవకూడదు. కళలోకి వచ్చి, లేదా విరామం తరువాత తిరిగివచ్చి ఎన్నేళ్ళయింది అన్నది లెక్కలోకి తీసుకోవాలి.

2. ఒక గురువు సంతకానికి బదులు ప్రదర్శన చూసి నిర్ణయించాలి. చూడడానికి సంస్థవాళ్ళే ఊరికి రావాలి.

3. సాయంలో తోడు వచ్చే మనిషి ఛార్జీలు, పసిబిడ్డను చూసుకునే ఖర్చు, రాత్రి బస కలపాలి. రాత్రిపూట ఆడమనిషి ఒక్కతే ఎలా పోతుందని ప్రశ్నించేవాళ్ళు ఆ ఖర్చు కూడా భరించాలి.

4. డబ్బు కళాకారిణి సొంత ఖాతాలోకే పోవాలి. తండ్రి, భర్త, బృంద యజమాని చేతికి కాదు.

5. దరఖాస్తు తెలుగులో ఉండాలి. రాయలేనివాళ్ళు నోటితో చెప్పినా తీసుకోవాలి.

6. ధర్మకర్తల్లో సగంమంది స్త్రీలుండాలి. వాళ్ళలో దాతల భార్యలూ కోడళ్ళే కాకుండా, కళ మీద బతికే స్త్రీలూ, దళిత స్త్రీలూ ఉండాలి. ఈ షరతు ట్రస్టు దస్తావేజులోనే రాయాలి.

ఇవి కంపెనీల ఫౌండేషన్లకు మాత్రమే కాదు. మన భారతం కమిటీలకూ, జాతర కమిటీలకూ ఇవే మాటలు వర్తిస్తాయి. పొదుపు సంఘాల అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. వచ్చే భారతంలో ఒక రోజు ఉభయం ఒక సంఘం తీసుకోవచ్చు. తీసుకునేటప్పుడు మూడే షరతులు పెట్టండి. ఆ రోజు హరికథ స్త్రీ చెప్పాలి. సంభావన ఎంతో ముందే కాగితం మీద రాయాలి. ఆ రాత్రి వీధినాటకంలో ద్రౌపది వేషం కట్టాలని ఏ అమ్మాయి అయినా ముందుకొస్తే అడ్డు చెప్పకూడదు. మొదటిది కమిటీవాళ్ళు వెంటనే ఒప్పుకుంటారు. రెండోదానికి నసుగుతారు. మూడోదానికి ఆచారం గుర్తొస్తుంది. అప్పుడు వాళ్ళకు చెప్పండి, సభలో నిలబడి ప్రశ్న అడగడం కూడా ద్రౌపది నేర్పిన ఆచారమే అని.

మీ ప్రశ్నలు, అభ్యంతరాలు వినడానికి సిద్ధంగా ఉన్నాను. ముఖ్యంగా కథలు చెప్పే అక్కలు మాట్లాడాలి.